పెట్టె మోసినవాళ్లు

(ఢిల్లీ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం. ముద్రణ కోసం స్వల్ప మార్పులు చేశాను.)



ఎవరి పేరున ఏటా ఈ సభ జరుపుకుంటున్నామో ఆ పెద్దాయన ఈ ఊళ్లో బ్యాంకు క్యాషియర్‌గా పనిచేశారు. ఉద్యోగం తర్వాత ఆయన ప్రాణమంతా సినిమాయే. ఆ రెండూ కలిసే విషయం ఒకటి ఎంచుకుని మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అందుకని బ్యాంకు సొమ్ము కొట్టేయబోయి బొక్కబోర్లా పడ్డ దొంగల గురించి మాట్లాడతాను. వాళ్ల గురించి కంటే, తమకు తెలియకుండానే వాళ్ల పెట్టె మోసిన మనుషుల గురించి ఎక్కువ మాట్లాడతాను. ఒక కథ లండన్‌ది, సినిమా. ఇంకొకటి మన ఢిల్లీది, నిజంగా జరిగింది.

లండన్ కథ 'ద లేడీకిల్లర్స్'. 1955లో ఈలింగ్ స్టూడియో తీసింది. దర్శకుడు అలెగ్జాండర్ మెకెండ్రిక్. కథ, స్క్రీన్‌ప్లే విలియం రోజ్ రాశారు. ఆయన అమెరికన్. ఈ కథంతా తనకు కలలో వచ్చిందని చెప్పుకున్నారు. కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర రైలు సొరంగం మీద ఒక పాత ఇల్లు, యుద్ధంలో పడ్డ బాంబులకు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. అందులో విల్బర్‌ఫోర్స్ అనే ముసలావిడ, ఆవిడ చిలకలు. పై గది అద్దెకు కావాలని ప్రొఫెసర్ మార్కస్ వస్తాడు. ఆ పాత్ర ఆలెక్ గిన్నెస్‌ది. వెంట నలుగురు. తాము సంగీత బృందమనీ సాధనకు చోటు కావాలనీ చెబుతారు. గదిలో గ్రామఫోన్ మీద బొకెరినీ మినుయెట్ తిరుగుతుంటుంది, వీళ్లు దోపిడీ పథకం వేసుకుంటుంటారు. ఆ నలుగురిలో అప్పటికింకా ప్రపంచానికి పెద్దగా తెలియని పీటర్ సెల్లర్స్ ఉన్నాడు.

ఈ సినిమా పేరెత్తితే అందరూ గిన్నెస్ పెట్టుడు పళ్ల గురించి చెబుతారు. నా దృష్టిలో సినిమా అంతా ముసలావిడగా వేసిన కేటీ జాన్సన్‌ది. అప్పటికి ఆవిడకు డెబ్బై ఏడేళ్లు. జీవితమంతా చిన్నాచితకా వేషాలు వేసి, ఈ ఒక్క పాత్రతో బ్రిటిష్ అకాడమీ ఉత్తమ నటి అవార్డు అందుకున్నారు. 1957లో కన్నుమూశారు.

దొంగల పథకంలో కీలకమైన పని ఆవిడదే, అయితే ఆ సంగతి ఆవిడకు తెలియదు. దోచిన సొమ్మును ఒక ట్రంకు పెట్టెలో సర్ది స్టేషన్‌లో సామానుగా వదిలేస్తారు. పోలీసులు ప్రతి బండినీ ఆపి చూస్తున్న ఆ సమయంలో, ముసలావిడ వెళ్లి పెట్టె విడిపించుకుని టాక్సీలో ఇంటికి తెస్తుంది. ఆవిడను ఎవరు అనుమానిస్తారు? ఇక్కడ మెకెండ్రిక్ పనితనం దగ్గరగా చూడాలి. టాక్సీ బయల్దేరుతుంది. ఆవిడ గొడుగు మర్చిపోయానని వెనక్కి తిప్పిస్తుంది. దూరం నుంచి కనిపెట్టి చూస్తున్న దొంగలకు ఊపిరి ఆడదు. మళ్లీ బయల్దేరుతుంది. దారిలో తోపుడు బండి మీది పళ్లు ఒక గుర్రం తింటోంది, బండివాడు దాన్ని కొడుతున్నాడు. ఆవిడ టాక్సీ ఆపించి దిగి, నోరులేని జీవాన్ని కొడతావా అని నిలదీస్తుంది. గొడవ పెద్దదై అందరూ పోలీస్ స్టేషన్‌కు చేరతారు. ఆఖరికి దోపిడీ సొమ్మున్న ఆ పెట్టెను మర్యాదగా ఆవిడ ఇంట్లోకి మోసుకొచ్చి పెట్టేది పోలీసులే.

మనం పడిపడి నవ్వుతాం. ఎవర్ని చూసి నవ్వుతున్నామో గమనించండి. ముసలావిడను చూసి కాదు. ఆవిడ చేసిన ప్రతి పనీ మంచి మనిషి చేసే పనే. గొడుగు తనది కనుక తెచ్చుకుంది, గుర్రం దెబ్బలు తింటోంది కనుక దిగింది. ఆ మంచితనాన్ని బండికి కట్టి తోలుకుపోదామనుకున్నవాళ్లు చెమటలు పోసుకుంటున్నారు, అదే మనల్ని నవ్విస్తోంది. వాళ్లు తెలివితక్కువవాళ్లని చాలామంది రాస్తారు. నేనొప్పుకోను. మార్కస్ పథకం పకడ్బందీగానే ఉంది, దోపిడీ అనుకున్నట్టే జరిగింది. నిజాయతీగల మనిషి అవసరం తీరాక కూడా నిజాయతీగానే ఉంటుందన్న ఒక్క సంగతే లెక్కలోకి రాలేదు. వెళ్లిపోతుంటే చెల్లో పెట్టె తలుపులో ఇరుక్కుని, నోట్లు ఆవిడ కళ్లముందే రాలతాయి. ఆవిడ పోలీసుల దగ్గరికి పోదామంటుంది. బీమా కంపెనీ ఎలాగూ కట్టేస్తుంది, ఒక్కొక్కరి మీద పడేది కాణీయే అని ప్రొఫెసర్ ఎంతో ఓపిగ్గా నచ్చజెబుతాడు. ఆవిడ కాసేపు తడబడుతుంది గానీ దారి మార్చుకోదు. చంపాల్సిందేనని చీట్లు వేసుకుంటారు. ఏ ఒక్కడికీ చేతులు రావు. చివరికి ఒకణ్ణొకడు చంపుకుని, ఇంటి వెనక వెళ్లే గూడ్సు బండ్లలో పడిపోతారు.

ఇప్పుడు మన ఊరి కథ.

1971 మే 24. పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంక్. మధ్యాహ్నం కావస్తుండగా చీఫ్ క్యాషియర్ వేద్ ప్రకాశ్ మల్హోత్రా టేబుల్ మీద ఫోను మోగింది. అవతలి గొంతు తాను ప్రధానమంత్రి కార్యదర్శి హక్సర్‌నని చెప్పింది. తర్వాత ఇందిరాగాంధీ గొంతు వినిపించిందని మల్హోత్రా చెప్పారు. బంగ్లాదేశ్‌కు సంబంధించిన రహస్యమైన పని ఉంది, వెంటనే 60 లక్షలు కావాలి, రసీదు తర్వాత అందుతుంది అని ఆదేశం. డబ్బు ఒక మనిషికి అప్పజెప్పాలి. అతను 'బంగ్లాదేశ్ కా బాబు' అంటాడు, ఈయన 'బార్ ఎట్ లా' అని జవాబివ్వాలి.

60 లక్షలంటే ఆనాటికి ఎంతో ఈ సభలోని పెద్దలకు తెలుసు. పది గ్రాముల బంగారం రెండు వందల చుట్టుపక్కల ఉన్న రోజులు. అంటే దాదాపు మూడు క్వింటాళ్ల బంగారం విలువ. నూరు రూపాయల నోట్లలో లెక్కవేస్తే ఆరు వందల కట్టలు. స్ట్రాంగ్ రూములోంచి అంత సొమ్ము తీయించి, ట్రంకులో పెట్టించి, బ్యాంకు కారులో తానే తీసుకెళ్లారు మల్హోత్రా. చెప్పిన చోట చెప్పిన మనిషి కనిపించాడు, సంకేతం కుదిరింది. కొంత దూరం కలిసి వెళ్లాక ఆ మనిషి ట్రంకుతో టాక్సీ ఎక్కాడు. మీరు వెళ్లి ప్రధాని ఇంటి దగ్గర రసీదు తీసుకోండి అన్నాడు.

మల్హోత్రా రసీదు కోసం వెళ్లారు. ప్రధాని ఇంట్లో లేరు. హక్సర్‌ను కలిస్తే, అలాంటి ఫోను ఎవరూ చేయలేదని తేలింది.

ఆ డబ్బు పట్టుకెళ్లిన మనిషి రుస్తుం సోహ్రాబ్ నగర్‌వాలా, సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసి వచ్చిన పార్సీ. ఆ రాత్రికే ఢిల్లీ గేట్ దగ్గరి పార్సీ ధర్మశాలలో పోలీసులకు దొరికాడు. సొమ్ము దాదాపు మొత్తం దొరికింది. దొరకడానికి దారి చూపించింది టాక్సీ డ్రైవరు. నోరు మెదపవద్దని అతనికి 500 రూపాయలు ఇచ్చాడు నగర్‌వాలా. మీటరు మీద నాలుగైదు రూపాయలయ్యే రోజుల్లో 500 ఇస్తే ఆ సవారీని ఏ డ్రైవరైనా మర్చిపోతాడా? మార్కస్ ముఠా లెక్క తప్పిన చోటే ఇతని లెక్కా తప్పింది. పక్కనున్న మామూలు మనిషి కూడా చూస్తాడు, గుర్తుంచుకుంటాడు, అడిగితే నిజం చెబుతాడు అన్నది లెక్కలో లేదు.

నేరం ఒప్పుకున్నాడు. ప్రధాని గొంతు తానే అనుకరించానన్నాడు. రోజుల వ్యవధిలో విచారణ ముగిసి నాలుగేళ్ల కఠిన శిక్ష పడింది. తర్వాత మాట మార్చి, కేసు తిరిగి విచారించమని అడిగాడు, కోర్టు ఒప్పుకోలేదు. నవంబరులో, దర్యాప్తు నడిపిన యువ పోలీసు అధికారి డి.కె. కశ్యప్ కారు ప్రమాదంలో పోయారు. 1972 మార్చిలో నగర్‌వాలా ఖైదీగా ఉండగానే జి.బి. పంత్ ఆసుపత్రిలో గుండెజబ్బుతో పోయాడు. ఆ డబ్బు అసలెవరిది, ఒక్క ఫోనుకే ఇంత సొమ్ము ఎలా కదిలింది, ఇంతకుముందు కూడా ఇలా కదిలిందా అని పార్లమెంటులో ప్రతిపక్షాలు అడిగాయి. అడగవలసిన ప్రశ్నలే.

వాటి జవాబులు వెతికే పని మన తెలుగు న్యాయమూర్తి మీద పడింది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక వేసిన విచారణ కమిషన్‌కు అధిపతి జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి. వరంగల్ ప్రాంతంలో 1910లో పుట్టిన పింగళి వారి బిడ్డ. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. రాజ్యాంగ సవరణల మీద నడిచిన కేశవానంద భారతి కేసులో 1973లో తీర్పు చెప్పిన పదముగ్గురిలో ఒకరు. 1969 అహ్మదాబాద్ అల్లర్ల మీద విచారణ జరిపిందీ ఆయనే. 1978లో నగర్‌వాలా కేసు మీద నివేదిక ఇచ్చారు. నివేదిక వచ్చాక కూడా జనం ప్రశ్నలు ఆగలేదు. ఫోనులో విన్న గొంతు, ఇచ్చిన వాంగ్మూలం, వెనక్కి తీసుకున్న వాంగ్మూలం, మధ్యలో రెండు మరణాలు. వీటిని ఒక న్యాయమూర్తి ఆరేళ్ల తర్వాత కాగితాల మీద వెతకాలి, అప్పటికి నగర్‌వాలా లేడు, కశ్యప్ లేరు. హైదరాబాదులో, వరంగల్లులో ఆయనను కేశవానంద భారతి కోసం తలుచుకుంటారు. ఈ పని కోసం కూడా తలుచుకోవాలని నాకుంది.

ఈ కేసు నీడలో రోహింటన్ మిస్త్రీ 1991లో 'సచ్ ఎ లాంగ్ జర్నీ' నవల రాశారు. అందులో పెట్టె ఢిల్లీలో ఉండదు, బొంబాయిలోని పార్సీ గుమాస్తా ఇంట్లో ఉంటుంది. స్నేహితుడి మాట నమ్మి, ఎవరిదో తెలియని డబ్బు దాచి, రోజూ కొంచెం కొంచెంగా బ్యాంకులో వేస్తాడు గుస్తాద్ నోబుల్. మిస్త్రీ చూపు దొంగ మీద నిలవలేదు, పెట్టె మోసినవాడి దగ్గరికి వెళ్లింది. గొప్ప రచయిత కనుకనే వెళ్లింది.

ఢిల్లీ మాత్రం అలా చూడలేదు. యాభై ఏళ్లుగా ఈ కథ ఇక్కడ టీ కొట్ల దగ్గర, ఆఫీసుల్లో, జోకులాగా తిరుగుతోంది. నవ్వు ఎవరి మీద? క్యాషియర్ మీద. ఫోనులో ఆడగొంతు విని 60 లక్షలు ఇచ్చేశాడట అని. మల్హోత్రాను బ్యాంకు ఉద్యోగం నుంచి తీసేసింది. ఆయన నియమాలు పాటించలేదు, రసీదు లేకుండా డబ్బు కదిలించారు. అది తప్పే, తప్పని ఈ సభలోని ప్రతి బ్యాంకు ఉద్యోగికీ తెలుసు. కానీ ఆ మే నెలను గుర్తు తెచ్చుకోండి. తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది కాందిశీకులు సరిహద్దు దాటి వస్తున్నారు, యుద్ధం రావచ్చని అందరికీ తెలుసు, ఢిల్లీలో ప్రతి ఆఫీసులో ఏదో ఒక రహస్యం గుసగుసగా నడుస్తోంది. దేశం కోసం, నోరు మూసుకుని చెయ్యి అని పైనుంచి మాట వస్తే, చీఫ్ క్యాషియర్ హోదాలో ఉన్నవాడు ఆ మాటను కాదనగలడా? మన పెద్దాయన కూడా క్యాషియరే. ఈ కథ ఎప్పుడొచ్చినా నవ్వేవారు కారు. ఆ సీట్లో కూర్చున్నవాడికి తెలుస్తుంది అనేవారు. అంతకుమించి వివరించేవారు కారు.

'లేడీకిల్లర్స్'ను నేను గొప్ప సినిమా అనేది ఇందుకే. ఎంత నల్లటి హాస్యమైనా, శవాలు ఎన్ని పడినా, ముసలావిడ గౌరవానికి గీటు పడనివ్వలేదు. సినిమా మొదట్లోనే ఆవిడ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, గ్రహాంతరవాసులు దిగారని చెప్పిన స్నేహితురాలికి అదొక కల మాత్రమేనని తేలింది, కనుక కంగారు పడకండి అని చెప్పి వస్తుంది. పోలీసులు చిరునవ్వుతో సాగనంపుతారు. చివర్లో నిజంగా దొంగల సొమ్ము ఇంట్లో ఉందని చెప్పినా అదే చిరునవ్వు, డబ్బు మీరే ఉంచుకోండమ్మా అంటారు. కల సంగతినీ నిజాన్నీ ఆవిడ ఒకే వినయంతో చెబుతుంది. వాళ్లు మాత్రం వినరు. దారిలో పేవ్‌మెంటు మీద బొమ్మలు వేసేవాడికి ఆవిడ ఒక పెద్ద నోటు ఇచ్చేసి వెళుతుంది.

ఢిల్లీ మీద ఇలాంటి సినిమాలు లేవా అంటే ఉన్నాయి, మంచివే ఉన్నాయి. 2006లో వచ్చిన 'ఖోస్లా కా ఘోస్లా' చూడనివారు ఈ సభలో ఉండరనుకుంటాను. దిబాకర్ బెనర్జీ మొదటి సినిమా, జైదీప్ సాహ్ని రచన. జాతీయ అవార్డుల్లో ఉత్తమ హిందీ చిత్రం. రిటైరైన మధ్యతరగతి పెద్దమనిషి జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో ప్లాటు కొంటాడు. భూబకాసురుడు ఖురానా కబ్జా చేసి, ఖాళీ చేయాలంటే డబ్బు కట్టమంటాడు. పోలీసు, రాజకీయం, పహిల్వాన్లు, అన్నీ అయిపోయాక నాటకాలవాళ్ల సాయంతో ఖురానాకే తమది కాని భూమి అమ్మి బుద్ధి చెబుతారు. లండన్‌లో దొంగలు సంగీతకారుల వేషం వేశారు. ఢిల్లీలో అసలైన కళాకారులే దొంగల వేషం వేశారు. నవీన్ నిశ్చల్ పోషించిన బాపు, ఖరీదైన సూటు వేసుకుని కోటీశ్వరుడిగా నటించడానికి వణుకుతూ బయల్దేరతాడు. ఇక్కడ తడబడేది మంచివాళ్లు, మనం కోరుకునేది వాళ్లు తడబడకూడదని. ఊపిరి బిగబట్టి చూస్తాం. ఎన్‌సీఆర్‌లో ప్లాటు కొన్నవాళ్లకు, ఫ్లాటుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి తాళం చెవి కోసం ఎదురుచూసినవాళ్లకు ఆ బిగువు ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

దిబాకరే 2008లో ఢిల్లీలో పేరుమోసిన దొంగ జీవితం ఆధారంగా 'ఓయ్ లక్కీ! లక్కీ ఓయ్!' తీశారు. 2011లో 'ఢిల్లీ బెల్లీ' వచ్చింది. పై వాటాలో నాట్యం సాధనకు కింద అద్దెకున్నవాళ్ల కప్పు పెచ్చులు రాలి చివరికి కూలుతుంది. విల్బర్‌ఫోర్స్ ఇంటికి చుట్టమే ఆ ఇల్లు. కానీ అందులో పెద్దవాళ్ల పట్ల ప్రేమ లేదు, నాకు మనసు నిండలేదు.

తెలుగులో ఈ దారి 1993లో శివనాగేశ్వరరావు 'మనీ'తో బలపడింది. నిర్మాత రామ్‌గోపాల్ వర్మ, మూలం అమెరికన్ చిత్రం 'రూత్‌లెస్ పీపుల్'. డబ్బు కోసం కుర్రాళ్లు ఒకావిడను ఎత్తుకెళితే, ఆవిడ పీడ వదిలిందని మొగుడు సంబరపడతాడు. జయసుధ ఆ పాత్రకు ఇచ్చిన నిబ్బరం వల్లే ఆ సినిమా వెకిలి కాలేదు. ఎత్తుకెళ్లినవాళ్లకంటే ఆవిడే పెద్దదిగా కనబడుతుంది. ఆ తర్వాత మనవాళ్లు దొంగల తడబాటు మీద చాలా తీశారు, మోసపోయినవాళ్ల వైపు కెమెరా తిప్పింది మాత్రం తక్కువ.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. ఈరోజు ఇదే నగరంలో, ఈ సభకు రాగల వయసున్నవాళ్లకు ఫోను మోగుతోంది. అవతల యూనిఫాం వేసుకున్న మనిషి వీడియోలో కనిపిస్తాడు. మీ పేరున పార్సెల్‌లో మత్తుమందు దొరికింది, మీ ఆధార్‌తో హవాలా జరిగింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు, దేశ భద్రత విషయం అంటాడు. గంటల తరబడి, రోజుల తరబడి కెమెరా ముందు కూర్చోబెడతారు. ఆ పెద్దవాళ్లు తామే బ్యాంకుకు వెళ్లి, ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిచి, ఆర్‌టీజీఎస్ చేస్తారు. కౌంటర్లో అమ్మాయి ఎందుకండీ అంటే, సొంత పని అంటారు. పైవాళ్ల గొంతు, దేశం పేరు, ఎవరికీ చెప్పొద్దన్న మాట, తన చేతులతోనే పెట్టె మోయించడం. 1971 మే 24లో ఉన్న ప్రతి ముక్కా ఇందులో ఉంది. ఎక్కువైంది ఒక్కటే, ఇప్పుడు పెట్టెలో ఉండేది ఆ మనిషి సొంత జీవితకాలపు కష్టం. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదని చెప్పవలసి వచ్చింది. ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. ఎంత తొందరగా చేస్తే సొమ్ము ఆపగల అవకాశం అంత ఎక్కువ.

కానీ చాలామంది చెయ్యరు. ఎందుకు చెయ్యరంటే, నవ్వుతారని. చదువుకున్నావు, ఉద్యోగం చేశావు, ఫోనుకు బెదిరిపోయావా అంటారని. కొడుక్కి చెప్పడానికి సిగ్గు, పక్కింటివాళ్లకు తెలిస్తే సిగ్గు. మల్హోత్రా మీద యాభై ఏళ్లు నవ్విన నవ్వే ఈ సిగ్గుకు ఎరువు. నా మాటల్లో ఇది ఒక్కటి గుర్తుంచుకున్నా చాలు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఇలా పోగొట్టుకుని వస్తే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి, 1930కి మీరే ఫోను చెయ్యండి, ఎలా నమ్మావు అన్న ప్రశ్న మాత్రం అడక్కండి.

ఈ సభలో కథలు రాసే కుర్రవాళ్లు, నాటకాలు వేసే పిల్లలు ఉన్నారు. వాళ్లను ఒకటి అడుగుతాను. పార్లమెంట్ స్ట్రీట్‌లో ఫోను పెట్టేసిన క్షణం నుంచి హక్సర్ 'నేను చేయలేదు' అన్న క్షణం దాకా మల్హోత్రా గడిపిన ఆ కొద్ది గంటలను తెలుగులో నాటకంగా రాయండి. స్ట్రాంగ్ రూములో కట్టలు లెక్కపెట్టిన కింది ఉద్యోగులు, ట్రంకు మోసిన చేతులు, బయట మే నెల ఎండ, రసీదు కోసం దాటిన ఒక్కొక్క గేటు, ఇవన్నీ మీ చేతిలో ఉన్నాయి. జగన్మోహన్ రెడ్డి కమిషన్ నివేదిక, ఆనాటి పత్రికలు చదవండి. నగర్‌వాలాను వేదిక మీదికి తేవాలా వద్దా మీ ఇష్టం, గొంతుగా ఉంచినా చాలు. నవ్వించండి, తప్పకుండా నవ్వించండి. క్యాషియర్ పాత్ర వేసేవాడు మాత్రం ఆ సీట్లో ముప్ఫై ఏళ్లు కూర్చున్నవాడిలా నోట్ల కట్ట పట్టుకోవాలి. పట్టుకోవడం రాకపోతే ఇక్కడున్న రిటైర్డ్ బ్యాంకు వాళ్లు నేర్పుతారు, ఈ సభ అయ్యాక టీ దగ్గర కలవండి.